బల్బు వెలగలేదు, బండి కదిలింది

భోగి మూడు రోజులుందనగా అమ్మ అటక దులపమంది. విశాఖలో మా చినవాల్తేరు ఇంట్లో ఇది ఏటా ఉండే తంతే. విరిగిన పీట, చెదపట్టిన కిటికీ రెక్క, కాలు ఊడిన స్టూలు దించి పెరట్లో పేరిస్తే, ఏది భోగి మంటలోకి, ఏది పాత సామాన్లవాడి బండిలోకి అన్నది అమ్మ తీర్పు. ఈసారి వాటి వెనక నుంచి ఓ రేకు ట్రంకు పెట్టె దిగింది. లోపల అట్టపెట్టె. దాన్ని అట్టపెట్టె అనడం ఇప్పుడు మర్యాదకే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా వసారా రేకులు ఎత్తుకుపోయాక ఇంట్లోనూ వీధిలోనూ ఒకలాగే వాన కురిసింది. అప్పుడు తడిసి, ఎండి, వడియంలా ముడుచుకుపోయింది.

"అట్టే కదరా, మంటలో వేసీ," అంది అమ్మ.

"ఇందులో రైలుందమ్మా."

"ఏ రైలు? నువ్వు కాల్చీసిన రైలా?"

నాకిప్పుడు యాభైకి ఒక్క ఏడాది తక్కువ. ఆ మాట మాత్రం నా పదకొండో ఏట నుంచీ వింటున్నాను.

మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఓడల మీద ఇంజన్ రూములో పనిచేసేవాడు. సైన్ ఆన్ అయితే తొమ్మిది నెలలు సముద్రం మీద, సైన్ ఆఫ్ అయితే రెండు మూడు నెలలు మా ఇంట్లో. 1981లో లివర్‌పూల్ రేవు దగ్గర పాత సామాన్ల దుకాణంలో ఈ బొమ్మరైలు సెట్టు కొని తెచ్చాడు. ఎవరో తెల్లవాళ్ళ పిల్లాడు ఆడి వదిలేసింది. పెట్టె మీద ట్రయాంగ్ హార్న్‌బీ అని ఉండేది. ఫ్రాంక్ హార్న్‌బీ ఆ లివర్‌పూల్ మనిషే; మెకానో బొమ్మలు కనిపెట్టిన ఆయనా అతనే, 1920 నుంచి రైలు బొమ్మలు చేసిన ఆయనా అతనే. 1964లో ట్రయాంగ్ వాళ్ళు ఆ కంపెనీని కొన్నాక రెండు పేర్లూ కలిశాయి. ఇవన్నీ మావయ్య భోజనాల దగ్గర చెప్పిన కబుర్లు. ఆయన చెప్పినవాటిలో నిజమని తేలిన కొద్ది కబుర్లలో ఇదొకటి.

రైలు మా కోసమే తెచ్చాడు కానీ రైలు మాది కాదు. ఆయన ఇంట్లో ఉన్నప్పుడే దించాలి. చేత్తో తొయ్యకూడదు. ముట్టుకునే ముందు కాళ్ళు కడుక్కోవాలి. చేతులు కాదు, కాళ్ళు! ఎందుకో వేరే ఊరివాళ్ళకి చెప్పాలి. మా బీచిలో ఇసుక మీద నల్లటి చారలుంటాయి. భీమిలి వైపు ఇంకా ఎక్కువ. అది ఇల్మనైటు లాంటి బరువు ఖనిజాల ఇసుక. పాత స్పీకరు అయస్కాంతానికి దారం కట్టి అందులో ఈడిస్తే నల్ల గెడ్డం మొలిచినట్టు అంటుకొస్తుంది. విశాఖలో పెరిగిన ప్రతి పిల్లాడూ ఆడిన ఆటే. రైలింజన్ మోటారులోనూ అయస్కాంతమే ఉంటుంది కనక, మా పాదాల ఇసుక నేల మీద పడితే తిన్నగా అందులోకే పోతుందని మావయ్య భయం.

1987 వేసవిలో ఓ రోజు మావయ్య బజారుకెళ్ళాడు. ముందు రాత్రి ఆయనే నడిపి, నూనె వేసి, పట్టాలు ఎత్తకుండా వదిలేశాడు. నేను వెళ్ళి రైలుకి కరెంటిచ్చే కంట్రోలర్ గుండీ తిప్పాను. అంతే. లోపల టక్కుమంది, ఘాటు వాసన వచ్చింది, రైలు కదల్లేదు. మావయ్య వచ్చి ఇంజన్ ముక్కు దగ్గర పెట్టుకుని, "మోటారు కాలిపోయింది. ఏం చేశావురా?" అన్నాడు. గుండీ తిప్పానన్నాను. ఇంకేం చేశావన్నాడు. ఇంకేం చెయ్యలేదని అక్క కూడా సాక్ష్యం చెప్పింది, చెల్లలేదు. ఆ తర్వాత మిక్సీ ఆగినా, టీవీలో బొమ్మ వణికినా, "వాడు గానీ ముట్టుకున్నాడా?" అన్నదే మొదటి ప్రశ్న. నేను లెక్కల ఉద్యోగంలో చేరడానికి ఇదీ ఓ కారణమేమో. అంకెలకి స్క్రూలుండవు.

భోగి మంటలో అట్టపెట్టె వేశాను. రైలు ట్రంకులోనే గదిలోకి తెచ్చుకున్నాను.

ఇంజన్ ఒకటి, సరకు పెట్టెలు రెండు, గార్డు పెట్టె ఒకటి. ఇంగ్లాండులో జింటీ అని ముద్దుగా పిలిచే చిన్న ట్యాంక్ ఇంజన్ నమూనా అది. మూడు జతల చక్రాలు, నీళ్ళ తొట్టెలు బాయిలర్‌కి రెండు పక్కలా. అసలు జింటీలు 1924 నుంచి 1931 దాకా 422 తయారయ్యాయి. ఎనిమిది వంపు పట్టాలు, కొన్ని తిన్నటివి. తుప్పు సంగతి చెప్పక్కర్లేదు. మా వీధిలో గేటుకి ఏటా రంగు వెయ్యకపోతే మూడో ఏటికి చేత్తో విరిచెయ్యొచ్చు. ఉప్పుగాలి తగిలిన ఉక్కు పట్టాలు నలభై ఏళ్ళు ఏమైపోవాలో అదే అయ్యాయి.

కంట్రోలర్ వైరు ప్లగ్గులో పెట్టబోతుంటే పక్కింటి బాబాయి కిటికీలోంచి కేకేశాడు. ఆయన మర్రిపాలెం డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పొద్దున్నే పేపరు కోసం మా ఇంటికొస్తాడు, సాయంత్రం పేపరు ఇచ్చెయ్యడానికి మళ్ళీ వస్తాడు.

"ఆగు బాబూ! ఆ తీగ ఓసారి వంచి చూడు."

వంచాను. పైనున్న రబ్బరు జంతికలా పుటుక్కున విరిగింది. లోపల రాగి పోగులు కనిపించాయి.

"పట్టాల మీద నడిచే పన్నెండు వోల్టులు నిన్నేటీ చెయ్యవు. గోడలోంచి ఆ డబ్బాలోకి వస్తాదే, రెండు వందల ముప్ఫై, అది చేసీగలదు. డబ్బా పక్కన పెట్టీ."

పెట్టేశాను. దాన్ని విప్పి బాగుచేసే ఆలోచన నాకు ఇప్పటికీ లేదు. పాత సెట్టు అటక దించినవాళ్ళు ఎవరైనా సరే, ముందు మొహమాటం లేకుండా పక్కన పెట్టాల్సింది ఆ డబ్బానే. ఇంజన్‌కి కావలసింది 12 వోల్టుల డీసీ. మార్చేసిన వైఫై రౌటరుది 12 వోల్టుల అడాప్టర్ డ్రాయరులో పడుంది. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

దాన్ని కూడా తిన్నగా కలపనివ్వలేదు బాబాయి. స్కూటర్ ఇండికేటరు బల్బు ఒకటి తెమ్మన్నాడు. అడాప్టర్ నుంచి వచ్చే ఒక తీగని తెంపి, మధ్యలో ఆ బల్బు పెట్టాడు. మోటారు వైండింగ్ షాపుల్లో గోడకి ఓ బోర్డు, దాని మీద ఓ బల్బు ఉంటుంది, చూసే ఉంటారు. సిరీస్ బల్బు అంటారు. ఎవరైనా కాలిన ఫ్యానో మోటారో తెస్తే ముందు దాని గుండానే కరెంటు ఇస్తారు. లోపల షార్టయి ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది. నష్టం బల్బు దగ్గరే ఆగిపోతుంది. బాగుంటే బల్బు వెలగదు, లేదా మిణుకుమంటుంది.

"ఇప్పుడు ఆ రెండు కొసలూ చక్రాలకి ఆనించు. ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి."

ఆనించాను. బల్బు ధగధగా వెలిగింది.

"షార్టే," అన్నాడు బాబాయి. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "కాల్చీసేడని చెప్పేను కదా," అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఇంజన్ పైడొప్ప విప్పాను. లోపల చూడగానే నాకు మొదట నవ్వొచ్చింది. అయస్కాంతం చుట్టూ నల్ల గెడ్డం. మావయ్య భయపడ్డ ఇసుకే! కాళ్ళు కడుక్కోని పాపం నాదో అక్కదో మరి. దాని కింద నూనె గట్టిపడి తేనెరంగు లక్కలా అయిపోయింది. మోటారుని వేలితో తిప్పబోతే తిరగలేదు.

ఆ మోటారు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే కథంతా అందులోనే ఉంది. ట్రయాంగ్ వాళ్ళు ఎక్స్04 అనే ఈ మోటారునే ఏళ్ళ తరబడి చాలా ఇంజన్లలో పెట్టారు. దాపరికం లేని మోటారు. ఒక పక్క అయస్కాంతం, మధ్యలో మూడు తీగ చుట్టలతో తిరిగే ఆర్మేచర్, దాని కొసన మూడు రాగి ముక్కల కమ్యుటేటర్, ఆ రాగికి రెండు వైపులా ఆనుకుని కరెంటు అందించే రెండు చిన్న బొగ్గు బ్రష్షులు. ఆ రెండు బ్రష్షుల్నీ లోపలికి నొక్కి పట్టేది ఒకే ఒక్క తీగ స్ప్రింగు, ఆడవాళ్ళ తలపిన్నులాగ రెండు కాళ్ళతో. అన్నీ కంటికి కనబడతాయి. ఈనాటి బొమ్మల మోటార్లు రేకు డబ్బాలో మూసి వస్తాయి. పోతే పారెయ్యడమే.

మర్నాడు బాబాయి కళ్ళజోడు మార్చుకుని వచ్చాడు. నేను అయస్కాంతం స్క్రూ మీద స్క్రూడ్రైవర్ పెట్టేసరికి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అది ఇప్పకు. ఇనప దవడల మధ్య ఉన్నంతసేపే ఆ అయస్కాంతానికి బలం. ఊడదీసేవంటే నీరసపడిపోద్ది. మళ్ళీ బిగించినా ముందట్లా లాగదు."

ఆ ఒక్క స్క్రూ ఆపినందుకే ఆయనకి జీవితాంతం పేపరు ఉచితం అనుకున్నాను. మిగతా శుభ్రమంతా అయస్కాంతం ఉన్నచోటే ఉంచి చేశాం. ఇసుకని సెల్లోటేపు ముక్కలతో అద్ది అద్ది తీశాను. గట్టిపడ్డ నూనెకి ఐసోప్రొపైల్ ఆల్కహాలు, మొబైల్ రిపేర్లు చేసేవాళ్ళు వాడేది, జగదాంబ జంక్షన్ దగ్గర ఓ విడిభాగాల దుకాణంలో దొరికింది. కరోనా నాటి శానిటైజర్ మిగిలుంది కదా అని ముందు అదే వాడబోయాను. అందులో గ్లిజరిను కలుస్తుంది, ఆరాక జిగటగా మిగిలిపోతుంది. ఇంకో మాట, ఆ ఆల్కహాలు పైడొప్ప మీద పడనివ్వకండి. ఇంజన్ నంబరులో ఒక అంకె నా దూదిపుల్లకి అంటుకుని వచ్చేసింది. ఏ అంకె అన్నది మావయ్య ఇంకా గమనించలేదు.

కమ్యుటేటర్ నల్లగా మసిబారి ఉంది. ఆల్కహాలు ముంచిన దూదిపుల్లతో తుడిస్తే మెల్లగా రాగి రంగు తేలింది. మూడు రాగి ముక్కల మధ్య సన్నటి సందులుంటాయి. బ్రష్షుల బొగ్గుపొడి వాటిలో కూరుకుపోతే ఒక ముక్క నుంచి ఇంకోదానికి కరెంటు దూకేస్తుంది. పళ్ళు కుట్టుకునే పుల్లతో ఆ సందులు గీకాను.

అప్పుడు బాబాయి మల్టీమీటరు తీశాడు. మూడు ముక్కల్లో ఒకటి-రెండు మధ్య, రెండు-మూడు మధ్య, మూడు-ఒకటి మధ్య కొలిచాడు. ఒక చుట్ట కాలి తెగినా, లోపల కరిగి అతుక్కున్నా మూడు కొలతలూ ఒకేలా రాకూడదు. మళ్ళీ కొలిచాడు. మూడూ ఒకటే.

"ఇది కాలిపోనేదు బాబూ," అన్నాడు తాపీగా. "కొత్తదాన్లాగుంది."

నేను "అమ్మా!" అని అరిచిన అరుపుకి పక్కింటి కుక్క లేచింది.

అమ్మ వచ్చి, విని, "మరి ఎందుకు తిరగలేదూ?" అంది. న్యాయమైన ప్రశ్నే.

జవాబు దొరకడానికి ఇంకో గంట పట్టింది. ఈ రైలుకి ఒక పట్టా ప్లస్సు, ఒక పట్టా మైనస్సు. ఒక పక్క చక్రాలు ఇంజన్ ఇనప చట్రానికి కలిసి ఉంటాయి, కాబట్టి ఆ పట్టా కరెంటు చట్రమంతా పాకుతుంది. రెండో పక్క చక్రాలు చట్రానికి తగలకుండా ఉంటాయి. వాటిని రాసుకుంటూ ఒక సన్నటి రేకు, దాని నుంచి ఒక తీగ పైకి వెళ్ళి ఒక బ్రష్షుని చేరుతుంది. అంటే ఒక బ్రష్షు చట్రానిది, ఒక బ్రష్షు తీగది. రెండింటినీ నొక్కేది మాత్రం ఒకే స్ప్రింగు, అదీ ఇనపదే. మరి రెండూ కలిసిపోవా? కలవకుండా ఆ స్ప్రింగు ఒక కాలికి మాత్రం చిన్న గొట్టం తొడుగుతారు, కరెంటు దాటని గొట్టం. స్ప్రింగు చట్రానికి ఆనుకునే ఉంటుంది కనక, తీగ వచ్చే బ్రష్షు వైపు ఆ తొడుగు కాలు ఉండాలి.

మాదాంట్లో తొడుగు ఉంది. భద్రంగా ఉంది. కాకపోతే రెండో వైపు ఉంది.

స్ప్రింగుని ఎవరో తీసి, తిరగేసి పెట్టారు. అంతే! తీగలోంచి వచ్చిన కరెంటు ఆర్మేచర్ మొహం చూడకుండా స్ప్రింగు మీదుగా తిన్నగా చట్రంలోకి దిగిపోతోంది. 1987లో నేను గుండీ తిప్పినప్పుడు టక్కుమన్నది కంట్రోలర్ తనని తాను ఆపుకున్న చప్పుడు. ఘాటు వాసన ఆ కంట్రోలర్‌దో, నూనె వేడెక్కినదో. మోటారుకి అసలు కరెంటే అందలేదు, ఇంక కాలేదేమిటి?

బ్రష్షులు తీసి నూనె వెయ్యాలంటే స్ప్రింగు విప్పాలి. ముందు రాత్రి నూనె వేసిందెవరు?

నేను బాబాయి మొహం చూశాను, బాబాయి నా మొహం చూశాడు. "మీ మావయ్య ఓడలో ఏ ఇంజన్లు చూసేవోడు?" అని మాత్రం అడిగాడు.

స్ప్రింగు సరైన వైపు పెట్టి, మళ్ళీ బల్బు గుండా కరెంటు ఇచ్చాం. ఈసారి బల్బు వెలగలేదు. మోటారూ కదల్లేదు. ఆర్మేచర్ని వేలితో ఓ అరచుట్టు తిప్పాను. ఉలిక్కిపడి, గుర్రుమని, ఆగి, మళ్ళీ గుర్రుమని, ఒక్కసారిగా తిరగడం మొదలెట్టింది. వేడెక్కిన నూనె వాసన, బ్రష్షుల దగ్గర నీలం నిప్పురవ్వల వాసన గదంతా నిండింది. నలభై ఏళ్ళుగా ఆ వాసన నాలో ఎక్కడ దాక్కుందో, అందులో మావయ్య సిగరెట్టు కూడా కలిసి వచ్చింది.

ఇరుసులకి, మోటారుకీ ఇరుసుకీ మధ్య ఉండే వర్మ్ గేరుకి కుట్టుమిషను నూనె వేశాం. చుక్క అన్నా ఎక్కువే; గుండుసూది మొన అంటిన తడి చాలు. ఎక్కువైతే అది చిమ్మి కమ్యుటేటర్ మీదికి చేరుతుంది, కథ మళ్ళీ మొదటికొస్తుంది. అటో అరగంట ఇటో అరగంట, చక్రాలు గాల్లోనే తిప్పి ఉంచాం.

ఇంక పట్టాలే కదా అనుకున్నాను. ఇంజన్ రెండు సాయంత్రాల్లో అయ్యింది. పట్టాలు నెలరోజులు తిన్నాయి.

ముందు అమ్మ మాట విన్నాను. ఇత్తడి బిందెకి చింతపండు పెట్టే చెయ్యి ఆమెది. ఓ పట్టా ముక్కకి చింతపండు పట్టించి, కడిగి ఆరబెడితే వెండిలా మెరిసింది. పొద్దున్న లేచి చూస్తే నారింజరంగు. పులుపు తుప్పుని తీసేస్తుంది కానీ, ఉక్కుని బట్టల్లేకుండా నిలబెడుతుంది. మా ఊరి గాలి మిగతాది చూసుకుంటుంది. ఇత్తడికి నప్పింది ఉక్కుకి నప్పలేదు.

తర్వాత నా సొంత తెలివి. అంట్లు తోమే స్టీలు పీచు పట్టుకుని పట్టాలన్నీ బరబరా రుద్దాను. చాలా బాగా వచ్చాయి. గర్వంగా ఇంజన్ పెట్టి, అడాప్టర్ కలిపాను. రెండు జానలు వెళ్ళి బల్బు వెలిగించి కూర్చుంది. విప్పి చూస్తే అయస్కాంతానికి కొత్త గెడ్డం. ఈసారి తెల్లగెడ్డం, పీచులోంచి రాలిన సన్నటి ఉక్కు వెంట్రుకలు. వాటిలో ఒకటి పోయి బ్రష్షు పక్కన అడ్డంగా పడుకుంది. బల్బే లేకపోతే ఈసారి మోటారుని నిజంగానే కాల్చేవాణ్ణి, అమ్మ మాట నిజం చేసేవాణ్ణి. మళ్ళీ సెల్లోటేపు, మళ్ళీ రెండు రాత్రులు. బాబాయికి చెప్పలేదు. ఆయనే చూసి, "పీచా?" అన్నాడు.

చివరికి పని చేసింది పిల్లల రబ్బరు. బాల్‌పెన్ను గీతలు చెరిపే ఇసుక రబ్బరు ఉంటుంది చూడండి, అది. పట్టా తల మీద మాత్రం రుద్ది, ఆల్కహాలు గుడ్డతో తుడిచి, ఆఖర్న నూనె అంటీ అంటనట్టున్న గుడ్డతో ఒక్కసారి రాశాను, గాలి తగలకుండా. గరుకు కాగితం ఊసే వద్దు. గీతలు పడితే మసి వాటిలోనే ఇల్లు కట్టుకుంటుంది. పట్టా పక్కల్లో తుప్పు అలాగే ఉంచేశాను. అసలు రైలు పట్టాలకి కూడా పైన మెరుపు, పక్కన తుప్పే కదా ఉండేది.

కరెంటు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి దాటేది పట్టాల కొసలు కలిపే ఫిష్‌ప్లేట్ల మీదుగానే. వాటిలో సగం వదులైపోయాయి. బాబాయి ఒక్కోదాన్నీ ముక్కు పట్టకారుతో కాస్త నొక్కి బిగించాడు. "కొత్తవలస-కిరండూల్ లైన్లో యాభైయెనిమిది సొరంగాలు దాటించేం బండ్లని. నీ ఎనిమిది వంపులు దాటించలేమా?" అంటూనే, పట్టాల మధ్య వెడల్పు కొలిచి, "ఇది తప్పు," అన్నాడు. తప్పే. ఈ రైళ్ళు అసలుకి డెబ్భై ఆరో వంతు. ఇంగ్లాండు గేజి 1,435 మిల్లీమీటర్లని 76తో భాగిస్తే దగ్గరదగ్గర 19 రావాలి, పట్టాలేమో 16.5 మీదే ఉంటాయి. ఆ దేశపు ఇంజన్లు సన్నం, ఆనాటి మోటార్లు లావు. మోటారు పట్టేట్టు పైడొప్పని పెద్దది చేసి, పట్టాలని ఉన్నవాటినే ఉంచేశారు. మన బ్రాడ్ గేజి 1,676ని ఇదే కొలతలో చేస్తే 22 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే మన బండి ముందు ఇది నేరోగేజీలాగ. బాబాయి మనసు కాస్త కుదుటపడింది.

సరకు పెట్టెలకి పెద్ద పనేమీ లేదు. ఒకదాని ఇరుసుకి మాత్రం పొడుగాటి నల్ల వెంట్రుక గట్టిగా చుట్టుకుని ఉంది. మా ఇంట్లో అప్పుడు అంత జడ అక్కదే. ఫొటో తీసి పంపితే, "దాచి ఉంచరా, ఇప్పుడు నా దగ్గర ఆ రంగువి లేవు," అంది.

పాత కంట్రోలర్ బదులు ఓ చిన్న డీసీ మోటారు స్పీడు బోర్డు, ముందుకీ వెనక్కీ మార్చడానికి ఆరుకాళ్ళ స్విచ్చి ఒకటి కొన్నాను. ప్లస్సు మైనస్సులు తారుమారైతే రైలు వెనక్కి నడుస్తుంది. ఆ స్విచ్చి చేసే పని అంతే. బల్బుని మాత్రం తీసెయ్యలేదు. పట్టా పక్కన సిగ్నలు స్తంభంలాగ నిలబెట్టాను. బండి పట్టాలు తప్పి అడ్డంగా పడితే అది వెలుగుతుంది, వెళ్ళి సరిచేస్తాను.

ఉగాది నాడు మావయ్య వచ్చాడు. డెబ్భై ఏడేళ్ళు. మోకాళ్ళు బాగాలేవు, కింద కూర్చోలేడని పట్టాలు భోజనాల బల్ల మీద వేశాను. 371 మిల్లీమీటర్ల వ్యాసార్థం కాబట్టి చుట్టు మొత్తం బల్ల వెడల్పుకి సరిపోయింది. పచ్చడి తిని చెయ్యి కడుక్కుని వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. ముందు ఇంజన్‌ని ఎత్తి వాసన చూశాడు.

"కొత్త మోటారు వేశావా?"

"పాతదే మావయ్యా. కాలిపోలేదు." ఫోనులో ఫొటో తీసి పెట్టుకున్నాను, తిరగేసి ఉన్న స్ప్రింగుది. పెద్దది చేసి చూపించాను. "తొడుగు ఇటు ఉండాలి. అటు పెట్టారు."

కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన నలభై ఏళ్ళు ఓడ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి.

"ఆ రాత్రి కరెంటు పోయింది," అన్నాడు చివరికి. "లాంతరు పెట్టుకుని బిగించాను."

వంటింటి గుమ్మంలో అమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. "ఓరి నీ... ఇన్నేళ్ళూ ఈ గుంటణ్ణి అన్నానురా!" అంది తమ్ముడితో. ఈ గుంటడు తలకి రంగేసుకుంటాడన్న సంగతి ఆమెకి ఆ క్షణాన గుర్తులేనట్టుంది.

మావయ్య జవాబు చెప్పకుండా గుండీ తిప్పాడు. బండి కదిలింది. ఒక చుట్టు, రెండు చుట్లు. కిటికీ వైపు వచ్చేసరికి ఆపాడు.

"ఇది వైజాగ్. ఇక్కడ ఇంజన్ మారాలి."

చిన్నప్పుడూ ఇదే ఆట. విజయవాడ నుంచి హౌరా వెళ్ళే బండి మన స్టేషన్‌కి వచ్చి, ఇంజన్ రెండో కొసకి మార్చుకుని, వచ్చిన వైపే కొంత దూరం వెళ్ళి దారి మారుతుంది కదా, అందుకని. ఇంజన్ ఊడదీసి గార్డు పెట్టె వెనక తగిలించాడు. స్విచ్చి వెనక్కి వేశాడు. చేతులు కొద్దిగా వణుకుతున్నాయి, కొక్కెం రెండోసారికి గానీ పడలేదు.

బండి బయల్దేరి, నాలుగో వంపు దగ్గర ఫిష్‌ప్లేటు మీద ఆగిపోయింది. బల్బు వెలగలేదు, అంటే షార్టు కాదు. ఎక్కడో కాస్త మసి. నేను రబ్బరు కోసం లేవబోయాను.

అప్పటికే మావయ్య వేలితో వెనక నుంచి బండిని తోసేశాడు.